మా తెలుగులో మందంటే

ఆ మాసి నెలలో, అంటే ఫిబ్రవరి చివర, మా మామ పేరు మీద సారా పోసే లైసెన్సు వచ్చింది. పుట్టిన నాటి నుంచి ఒక్క చుక్క నాలుక మీద వేసుకోని మనిషికి! అది ఇచ్చే శాఖ పేరేమో మద్యనిషేధ శాఖ. మా రాష్ట్రంలో అదొక వింత. కాగితం చేతికి రాకముందే మా అత్త ఆయనతో మాట్లాడడం మానేసింది.

మామ పేరు రత్నసభాపతి. కోయంబత్తూరుకు పడమటగా, కొండలు దగ్గరపడే చోట ఒక ప్రైవేటు యూనివర్సిటీ ఉంది. దాని అతిథి గృహాలు, హాళ్ళు, తోటలు అన్నీ ఆయన చేతి కింద నడిచేవి. నేను అక్కడే లైబ్రరీలో పనిచేస్తాను. ఆయన కొడుకు నరేన్‌ను చేసుకుని పెరియకుళం నుంచి ఈ ఇంటికి వచ్చాను. ఆ ఎండాకాలం గడిస్తే మామకు రిటైర్‌మెంటు. శాలువా కప్పించుకుని, నాలుగు మంచి మాటలు విని ఇంటికి వచ్చేస్తే చాలనుకుంటున్న సమయంలో ద్రాక్ష మీద అంతర్జాతీయ సదస్సు ఒకటి వచ్చి నెత్తిన పడింది. పోర్చుగల్ నుంచి, ఇటలీ నుంచి, ఎక్కడెక్కడి నుంచో పరిశోధకులు వస్తారు. చివరి రోజు సాయంత్రం వైన్ రుచి చూసే కార్యక్రమం ఉంటుంది. ద్రాక్ష గురించి మాట్లాడి వైన్ ముట్టకపోతే ఆ దేశాల వాళ్ళకు పెళ్ళికి వెళ్ళి భోజనం చేయకుండా వచ్చినట్టట.

యూనివర్సిటీ గోడల లోపల అంతవరకు ఎవరూ అధికారికంగా గ్లాసు ఎత్తింది లేదు. ఆ ఒక్క సాయంత్రానికి ప్రత్యేక లైసెన్సు కావాలి. అది ఒక మనిషి పేరు మీద ఉండాలి, తప్పు జరిగితే ఆ మనిషే జవాబు చెప్పాలి. రిజిస్ట్రార్ మేడమ్ అందరినీ వదిలి మామను పిలిచింది.

ఆ రాత్రి భోజనాల దగ్గర ఆయన ఈ సంగతి చెప్పారు. అత్త గరిటె గిన్నెలో పెట్టేసింది.

"ఊరంతటికీ వేరే ఎవురూ దొరకలేదా?"

"తాగేవాడి పేరు పెడితే వాడే మొదలు తాగతాడంట. నా పేరైతే ఎవురూ నోరెత్తరని ఆయమ్మ చెప్పినాది."

"నోరెత్తేదానికి నేనుండాను."

"వళ్లీ, ఎట్లైనా పోసేది పోస్తారు. చట్టప్రకారం పోస్తే కొంచెమైనా చేటు తగ్గుతుంది గదా."

"చట్టప్రకారం తాగితే కార్జం చెడదా?"

అత్త తమ్ముడు లక్ష్మణన్ గురించి ఆ ఇంట్లో పేరెత్తి మాట్లాడరు. కంబంలో ద్రాక్షతోట, ట్రాక్టరు, పెళ్ళికి కుదిరిన పిల్ల, అన్నీ ఉన్నవాడు తాగి తాగి కడుపు ఉబ్బి మదురై ఆసుపత్రిలో పోయాడు. కార్జం కరిగిపోయిందని డాక్టరు చెప్పిన మాట అత్త ఈనాటికీ మరిచిపోలేదు. అప్పటి నుంచి మా ఇంటి గడపలోకి సీసా రాలేదు. పెళ్ళిళ్ళలో మగవాళ్ళు కార్ల వెనక చేరితే అత్త భోజనం పిలుపు కోసం కూడా ఆగకుండా లేచి వచ్చేస్తుంది.

"ఆ కాగితం మీద నీ పేరుండేది నాకు ఇష్టం లేదు," అని లోపలికి పోయింది. మామూలుగా ఆయన్ను మీరు అంటుంది. ఆ రోజు నీ అన్నది. మామ తలెత్తలేదు.

మరునాడు ఆయన సంతకం పెట్టారు. మొండితనం అంటే మొండితనమే, ఆయన మీద నాకు కోపం కూడా వచ్చింది. కానీ తాను లేకపోతే అక్కడ అడ్డూ అదుపూ ఉండదని ఆయన నమ్మిక. అది ఉత్త గొప్ప కాదు, నిజం కూడా. అత్త ఆ రోజు నుంచి ఆయనకు వేళకు వడ్డిస్తుంది, బట్టలు మడిచి పెడుతుంది, మాట మాత్రం లేదు. ఏదైనా చెప్పాలంటే నాకు చెబుతుంది, నేను ఆయనకు చెప్పాలి. "కృత్తికా, బియ్యం అయిపోయినాయని చెప్పు." ఆయన పక్కనే కూర్చుని ఉంటారు.

షరతులన్నీ మామకు కంఠపాఠం. పోసేది ఆ హాల్లోనే, గుమ్మం దాటకూడదు. సీసాలు లైసెన్సులో రాసిన చోటి నుంచే రావాలి, మిగిలినవి తిరిగి అప్పజెప్పాలి. బయటి సీసా ఒక్కటి కూడా ఆవరణలో కనపడకూడదు. ఇరవై ఒక్కటి నిండని వాళ్ళకు పోయకూడదు. విద్యార్థులకు నిండినా పోయకూడదు. ఈ చివరిది చట్టమో మామే పెట్టుకున్నదో నాకు తెలియదు. లైసెన్సును చట్రం కట్టించి హాలు గుమ్మం దగ్గర తగిలించారు. హోటల్ వాళ్ళు పంపిన కుర్రాళ్ళను నిలబెట్టి, ఎవరికి పోయాలో ఎవరికి పోయకూడదో బడిపిల్లలకు చెప్పినట్టు చెప్పి, మళ్ళీ వాళ్ళ చేత చెప్పించుకున్నారు.

ఆయన గురించి ఇంకొకటి చెప్పాలి. మా వాళ్ళు ఈ నేలకు ఎప్పుడు వచ్చారో ఎవరికీ సరిగ్గా తెలియదు. రాజుల కాలంలో అంటారు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, ఆఫీసులో ఇంగ్లీషు. మాట్లాడతామే గానీ మాలో చదవడం వచ్చినవాళ్ళు తక్కువ. మామ నడివయసులో పలక పట్టుకుని తెలుగు అక్షరాలు నేర్చుకున్నారు. ఆదివారం పొద్దున మా ముందు గదిలో చాప పరిచి మేముండే పాళయం పిల్లలకు చెప్పేవారు. "మన తెలుగు బంగారం, అవతల ఆంధ్ర వాళ్ళది కలగలిసిపోయినాది," అనేవారు. కానీ ఒకసారి తిరుపతిలో ఆయన తెలుగులో బేరమాడితే కొట్టువాడు తమిళంలో జవాబిచ్చాడట. ఆ దెబ్బ ఆయన్ను చాలా కాలం సతాయించింది. అందుకే ఆంధ్ర వైపు నుంచి ఎవరైనా ఫోన్ చేసి "సార్, బాగున్నారా" అంటే చాలు, ఆయన గొంతు ఒక మెట్టు పైకి లేచేది.

సదస్సుకు సంచులూ టోపీలూ ఇచ్చింది హైదరాబాదులోని ఒక పురుగుమందుల కంపెనీ. దాని మేనేజరు చెంచురామ్ అనే ఆయన ఆఖరి రోజుకు ముందు రోజు మామకు ఫోన్ చేశాడు. ఆ మాటలు తరువాత నేను మామ నోటి నుంచే విన్నాను, ఒకసారి కాదు, చాలాసార్లు.

"సార్, రేపు సాయంత్రం మావోళ్ళకి చిన్న మందు ప్రోగ్రాం పెట్టుకుందామనుకుంటున్నాం. మీ ద్రాక్షతోట దగ్గర షెడ్డు ఉందంట గదా, కాస్త ఇప్పిస్తారా?"

"దానికేమి, ఇప్పిస్తాను. మందు మేము ఇయ్యాలా?"

"అబ్బే, మందు మేమే తెచ్చుకుంటాం సార్. కార్లో వస్తోంది. మంచి సరుకు."

"సాయంత్రమే మేలు. ఎండలో కొట్టేది మంచిది కాదు."

అవతల పెద్ద నవ్వు. "భలే చెప్పారు సార్! ఎండలో అస్సలు కొట్టకూడదు."

"నీళ్ళు సరిగ్గా కలపమని చెప్పండి. గాటు ఎక్కువైతే కష్టం."

"ఆ విషయంలో మావోళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు సార్."

"అట్లయితే మా పిల్లకాయల్ని కూడ పంపిస్తాను. కడపటి సంవత్సరం వాళ్ళు. మీరు కొట్టేది చూసి నేర్చుకుంటారు."

చెంచురామ్ గొంతు తగ్గించాడట. "స్టూడెంట్సా సార్? పర్లేదా?"

"ఏమీ పరవాలేదు. వాళ్ళు నేర్చుకోవాల్సింది ఇదే గదా."

"మీరు చాలా ఫార్వర్డ్ సార్!"

మామ ఆ పొగడ్తకు పొంగిపోయారు. ఫోన్ పెట్టేసి తోట కాపలాదారు పాండిని పిలిచి షెడ్డు తాళం చెవి ఇచ్చారు. డ్రమ్ములో నీళ్ళు నింపి పెట్టమన్నారు. పిల్లలకు మూతి గుడ్డలు, చేతి తొడుగులు స్టోరు నుంచి తెప్పించారు. మందు గాలి ముక్కుకు తగలకూడదని.

ఇది చదివే మీకు ఇప్పటికే నవ్వు వచ్చి ఉంటుంది. నవ్వండి, నేనేమీ అనుకోను. మా తెలుగులో మందంటే జ్వరమొస్తే మింగేది, లేకపోతే చెట్టుకు కొట్టేది. పెరియకుళంలో మా నాయన మామిడి పూతకు మందు కొట్టించని ఏడాది లేదు. తాగేదాన్ని మేము సారాయి అంటాం, లేదా సిగ్గుపడి తాగేది అంటాం. పురుగుమందులు అమ్మేవాడు ద్రాక్షతోటలో సాయంత్రం మందు కొడతామంటే మా పాళయంలో ఎవరికైనా ఒకటే అర్థం.

ఆ సాయంత్రం హాల్లో నేను అతిథుల పేర్లు సరిచూసే బల్ల దగ్గర ఉన్నాను. నిజం చెప్పాలంటే అంత పద్ధతిగా జరిగిన వేడుక నేను చూడలేదు. తాగదగిన వాళ్ళ మణికట్టుకు నీలం పట్టీ. డెబ్బై దాటిన పోర్చుగీసు ప్రొఫెసరును కూడా మామ పాస్‌పోర్టు చూపించమన్నారు. ఆయన పడీపడీ నవ్వి చూపించాడు. వడ్డించే కుర్రాళ్ళ వెనక మామ చేతులు కట్టుకుని, పొలంలో పిట్టల్ని తోలేవాడిలా అటూ ఇటూ తిరిగారు. ఎక్సైజ్ ఇన్‌స్పెక్టర్ సుగన్య అనే ఆమె తనిఖీకి వచ్చింది. గుమ్మం దగ్గరి కాగితం చూసి, సీసాలు చూసి, "ఇవ్వళవు ఒళుంగా ఎంగయుమే పార్త్తదిల్లై," అంది. ఇంత క్రమంగా ఎక్కడా చూడలేదని. మామ మొహం చూడాలి అప్పుడు. అత్త ఈ మాట వింటే బాగుండునని నాకు అనిపించింది.

అంతలోనే గోపిక వచ్చింది. హార్టికల్చర్ కడపటి సంవత్సరం అమ్మాయి, క్లాసు లీడరు. మూతి గుడ్డ మెడలో వేలాడుతోంది, పరుగెత్తి వచ్చినట్టుంది.

"సార్, అక్కడ మందు కొట్టడం లేదు సార్," అని తమిళంలో అంది. "అక్కడ తాగుతున్నారు. మా వాళ్ళకు కూడా పోస్తున్నారు. మీరే పంపారంటున్నారు."

ఇన్‌స్పెక్టర్ పక్కనే ఉంది. ఆమె మామ వెనకే నడిచింది. నేనూ నడిచాను. తోటకు పోయే దారిలో మలుపు దగ్గర మోటారుబైకు ఒకటి పడి ఉంది. ఈశ్వరన్ అనే కుర్రాడు రోడ్డు పక్కన కూర్చుని భుజం పట్టుకుని ఏడుస్తున్నాడు. జన్మలో మొదటిసారి తాగాడట, గ్లాసు కింద పెట్టి హాస్టల్‌కు బండి ఎక్కాడు. భుజం ఎముక విరిగింది. ఇంకొంచెం పక్కకు పడితే తల రాతి మీద పడేది. మామ తన తువ్వాలుతో ఆ చెయ్యి కట్టి, యూనివర్సిటీ అంబులెన్సు వచ్చేదాకా వాడి తల ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు.

షెడ్డు దగ్గర ఇంకా వెలుతురు ఉంది. స్ప్రే డ్రమ్ము నిండా పాండి నింపిన నీళ్ళు. ఆ నీళ్ళే గ్లాసుల్లోకి ముంచుకుంటున్నారు. పిల్లలు మూతి గుడ్డలు గడ్డం కిందికి లాగుకుని, చేతి తొడుగులతోనే గ్లాసులు పట్టుకుని నిలబడ్డారు. మామను చూసి ఒక్కొక్కరు గ్లాసులు వెనక దాచుకున్నారు. పాండి ఒక మూల చేతులు నలుపుకుంటున్నాడు. చెంచురామ్ నవ్వుతూ ఎదురొచ్చాడు.

"రండి సార్! మీ కోసమే చూస్తున్నాం."

మామ చుట్టూ చూసి అడిగారు. "మందు ఎక్కడ?"

"ఇదిగో సార్," అని చెంచురామ్ సీసా ఎత్తి చూపించాడు.

మామ ఆ సీసాను, ఆయన మొహాన్ని మార్చి మార్చి చూశారు. తరువాత పాండితో, పిల్లల్ని హాస్టల్‌కు నడిపించుకుని పొమ్మన్నారు. అంతే.

మరునాడు పొద్దున రిజిస్ట్రార్ మేడమ్ పిలిచింది. ఇంగ్లీషులో కాగితాలు రాయాల్సి వస్తే సాయంగా ఉంటానని మామ నన్ను వెంట రమ్మన్నారు. గది బయట బెంచీ మీద పాండి భార్య ఇరుళాయి చీర కొంగు నోట్లో కుక్కుకుని కూర్చుంది. మమ్మల్ని చూసి లేచి నిలబడింది.

మేడమ్ చెడ్డ మనిషేమీ కాదు. ఆమె నెత్తి మీద యూనివర్సిటీ ఉంది. "రత్నసభాపతి సార్, లైసెన్సు హాలుకే. హాల్లో ఒక్క తప్పు లేదని ఇన్‌స్పెక్టరే చెబుతోంది. షెడ్డు సంగతి వేరు. పాండి ఎవర్నీ అడక్కుండా తాళం తీశాడు. అట్లా రాసిస్తే మీ పేరు ఇందులోకి రాదు. పాండి కాంట్రాక్టు మనిషి, ఇంకొక చోట పని చూసుకుంటాడు."

"తాళం చెవి నేనిచ్చినాను మేడమ్."

"అది మీకూ పాండికీ తప్ప ఎవరికి తెలుసు? మీరు ఫోన్లో ఏం మాట్లాడుకున్నారో మాత్రం ఎవరు నమ్ముతారు? నాకే నమ్మబుద్ధి కావడం లేదు. తెలుగు వాళ్ళయి ఉండి తెలుగు మాట అర్థం కాలేదంటారా?"

మామ లేచారు. చెప్పులు తొడుక్కుని బయటికి వచ్చారు. ఇరుళాయి ఎదురుగా ఒక క్షణం ఆగి, "నీ మొగుడు ఏ తప్పూ చెయ్యలేదమ్మా, నువ్వు ఇంటికి పో," అని తమిళంలో చెప్పారు. నడుస్తుంటే నేను ఆగలేక అడిగాను.

"ఏం చేస్తారు మామా?"

"ఉండేది చెప్తాను, ఇంగేమి చేసేది?"

"నవ్వుతారు మామా."

"నవ్వనీ."

నాకు భయం వేసింది. ఉద్యోగం పోతే పోతుంది, ఎలాగూ రెండు నెలల్లో పోయేదే. కానీ ఒక మనిషి దేన్ని చూసుకుని తలెత్తుకు తిరుగుతాడో అది పోతే ఏం మిగులుతుంది? లైసెన్సు కాగితం మీద పేరు పోయినా బతుకుతారు. తెలుగు పోతే మామ ఎలా బతుకుతారో నాకు తెలియలేదు.

అతిథి గృహం ఆఫీసులో ఇన్‌స్పెక్టర్ సుగన్య వాంగ్మూలం రాసుకుంది. అంతా తమిళంలోనే నడిచింది. మామ ఫోన్ సంభాషణ మొదటి నుంచి చివరిదాకా చెప్పారు. ఎండలో కొట్టకూడదన్నదీ, నీళ్ళు కలపమన్నదీ, పిల్లల్ని పంపుతానన్నదీ. మూలన కూర్చున్న కానిస్టేబులు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. ఇన్‌స్పెక్టర్ నవ్వలేదు. ఆమెకు నేను ఈ జన్మంతా కృతజ్ఞురాలిని.

"మీ ఇంటి భాష ఏది సార్?"

"తెలుగు."

"ఆయన మీతో మాట్లాడింది?"

"తెలుగే."

"ఇదే మాటను పై అధికారులు అడుగుతారు, అందుకని నేనే అడుగుతున్నాను. మీ భాషలో మీకు చెప్పిన మాట మీకెందుకు అర్థం కాలేదు?"

మామ కిటికీ వైపు చూశారు. బయట ఎవరో కుర్చీలు ఎత్తి వ్యానులో వేస్తున్నారు, సదస్సు తాలూకు బ్యానరు చుట్ట చుడుతున్నారు.

"నాకు తెలుగు రాదని రాసుకోండమ్మా," అన్నారు.

ఆమె రాసుకుంది. మామ ఎక్కడ సంతకం పెట్టాలో అడిగి పెట్టారు. కలం మూత జాగ్రత్తగా బిగించి ఆమెకు తిరిగి ఇచ్చారు.

పాండి పని నిలబడింది. యూనివర్సిటీకి జరిమానా పడింది. ఇంక ఆ ఆవరణలో సారాకు అనుమతి అడగబోమని రాసిచ్చారు. మామను రిటైర్‌మెంటు దాకా ఇంట్లో ఉండమన్నారు. శాలువా లేదు, మాటలు లేవు. ఈశ్వరన్ తల్లిదండ్రులు పొల్లాచ్చి నుంచి వచ్చి ఆసుపత్రి వరండాలో మామను నానా మాటలూ అన్నారు. ఆయన తల వంచుకుని అన్నీ విన్నారు. రోజూ పోయి ఆ కుర్రాడి మంచం పక్కన కూర్చుని వచ్చేవారు. మూడోనాడో నాలుగోనాడో ఆ తల్లే ఆయనకు టీ ఇచ్చిందట.

ఇవన్నీ ఓర్చుకున్నారు. ఓర్చుకోలేనిది ఇంకొకటి ఉంది. మొదట నవ్వింది మా ఇంట్లోనే. నరేన్ చదువుకునేటప్పుడు ఆంధ్ర స్నేహితులతో తిరిగినవాడు, తనకు ఆ మాట తెలుసు. "నాయనా, మందు కొట్టేదంటే..." అని మొదలుపెట్టి నవ్వు ఆపుకోలేకపోయాడు. నాకు ఒళ్ళు మండింది. తనూ తరువాత ఏడ్చినంత పని చేశాడు గానీ, నవ్విన నవ్వు వెనక్కి పోదు కదా. తరువాత వాట్సాప్ గ్రూపుల్లో తిరిగింది. పెళ్ళిలో ఒకాయన "మందు నాయుడు ఎక్కడ?" అన్నాడట. ఆదివారం పిల్లలు పలకలు పట్టుకుని వస్తే మామ గుమ్మంలో నిలబడి, "ఇనిమే వగుప్పు ఇల్లై కన్నుగళా, వీట్టుక్కుప్ పోంగ," అన్నారు. క్లాసులు ఇంక లేవు, ఇళ్ళకు పొమ్మని. తమిళంలో చెప్పారు. ఆ రోజు నుంచి మాతో కూడా తమిళమే. నాతో, నరేన్‌తో, పాలవాడితో, దేవుడి ముందు కూడా. తెలుగు వినపడితే లేచి పక్క గదిలోకి పోయేవారు.

వాంగ్మూలం సంగతి అత్తకు నేను చెప్పాను. ఆ పూట అత్త ఎదురుగా పోయి నిలబడి, నెలన్నర తరువాత మొదటిసారి ఆయనతోనే నేరుగా మాట్లాడింది.

"అన్నం తినేదానికి రాండి."

"పసిక్కలే," అన్నారు మామ. ఆకలి లేదట. ఒకరు మాట్లాడడం మొదలుపెడితే ఇంకొకరు భాష మార్చేశారు. ఆ ఇంట్లో ఆ రోజుల్లో ఉన్నదాన్ని కాబట్టి చెబుతున్నాను, అరుపులున్న ఇంట్లో ఉండొచ్చు గానీ అటువంటి ఇంట్లో ఉండలేం.

చిత్తిరై నెల సగంలో, ఏప్రిల్ చివర, చెంచురామ్ వచ్చాడు. ముందు ఫోన్ చేయలేదు, చేస్తే వద్దంటారని భయమట. మిట్టమధ్యాహ్నం, ఎండ నిప్పులు చెరుగుతోంది. పళ్ళ సంచి పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. ఫోన్లో గొంతుకూ ఈ మనిషికీ పోలిక లేదు. కంపెనీ ఆయన్ను కూడా పక్కన పెట్టిందట.

మామ కూర్చోమని చేత్తో చూపించారు. చెంచురామ్ కుర్చీ అంచున కూర్చున్నాడు.

"సార్, మిమ్మల్ని మోసం చేయాలని కాదు. ఒట్టేసి చెబుతున్నా. మందు అంటే మీకు తెలుసుననే అనుకున్నా. మా వైపు పిల్లా జెల్లా అందరూ అనే మాటే అది. మీరు స్టూడెంట్లను పంపుతానంటే నాకే ఆశ్చర్యమేసింది. అయినా అడగాల్సింది, అడగలేదు. ఆ కుర్రాడికి ఏమన్నా అయ్యుంటే నేను..."

"విడుంగ. పరవాయిల్లే," అన్నారు మామ. వదిలేయండని. చెంచురామ్‌కు అర్థమైందో లేదో, ఆయన వైపు అలాగే చూస్తున్నాడు.

అత్త కాఫీ తెచ్చి చెంచురామ్ చేతికిచ్చింది. ఇచ్చి లోపలికి పోలేదు. ఎదురు కుర్చీ లాక్కుని కూర్చుంది. మగవాళ్ళ మధ్య అట్లా కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు.

"నాయనా, ఒక మాట అడుగుతాను, తప్పుగా ఎంచుకోవద్దు."

"అడగండమ్మా."

"నాకు లక్ష్మణన్ అని ఒక తమ్ముడుండె. ఒక్కడే తమ్ముడు. మీరు ఆ సీసాలో తెచ్చినారే, అదే తాగి కడుపు ఉబ్బి సచ్చిపోయ. నా చేత్తో వాడి నోరు తుడిచినాను, రక్తం వచ్చె." ధర అడిగినంత మామూలుగా అడిగింది. "మనిషిని సంపేదానికి మందని పేరు పెట్టింది ఎవురు నాయనా, మీ ఊర్లో?"

చెంచురామ్ గ్లాసు రెండు చేతులా పట్టుకుని అందులోకి చూస్తూ కూర్చున్నాడు. ఆయన కళ్ళు ఎర్రబడ్డాయి. "తెలియదమ్మా," అన్నాడు చివరికి.

"మాకూ తెల్దు. మా పెద్దోళ్ళు మాకు ఆ మాట అట్ల చెప్పియ్యలేదు." అత్త మామ వైపు తిరిగింది. "వింటిరా? మనకు తెలుగు రాదని ఇంగ ఎక్కడా రాసియ్యాకండి. మనకు వచ్చిందే సరి."

మామ మొహం మీద ఏ మార్పూ లేదు. నేను వంటింటి గుమ్మం దగ్గర నిలబడ్డాను. అత్త లేచి, ఖాళీ గ్లాసు కోసం చెయ్యి చాపింది. చెంచురామ్ ఇచ్చేసి, ఇంక వెళతానన్నట్టు సంచి పక్కన పెట్టి లేచాడు.

"ఎండ ఎక్కువుండాది," అన్నారు మామ. తెలుగులో. చెంచురామ్ వైపు తిరిగి మళ్ళీ అన్నారు. "ఇప్పుడేంటికి పొయ్యేది? ఉండి అన్నం తినేసి పోండి."

చెంచురామ్‌కు ఆ మాట ఒక్కసారికే అర్థమైంది. చెప్పుల దాకా పోయినవాడు వెనక్కి వచ్చి కూర్చున్నాడు.